శ్రీకాకుళంలో మ్యూజియం ఎక్కడుంది?

అరసవల్లిలో దర్శనం చేసుకుని, శ్రీకూర్మం వెళ్లొచ్చి, సాయంత్రం కళింగపట్నం తీరంలో గడిపిన యాత్రికులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. రెండు వేల ఏళ్ల చరిత్ర ఉన్న తీరం అంటారు. గంగరాజుల రాజధాని ఇక్కడే ఉండేదంటారు. బౌద్ధ భిక్షువులు ఓడలెక్కిన రేవు ఇదేనంటారు. మరి ఆ చరిత్ర తాలూకు వస్తువులన్నీ ఒకచోట చేర్చి చూపించే భవనం ఏది? హైదరాబాద్‌లో సాలార్‌జంగ్, చెన్నైలో ఎగ్మూరు మ్యూజియం ఉన్నట్టు ఇక్కడ ఎందుకు లేదు?

ప్రశ్న న్యాయమైనదే, కానీ జవాబు ఒక్క మాటలో తేలేది కాదు. ఇక్కడ వస్తువులకు కొరత లేదు. అవి చాలా చేతుల్లో ఉన్నాయి, చిక్కంతా అక్కడే. కొన్ని కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో, కొన్ని రాష్ట్ర పురావస్తు శాఖ దగ్గర, చాలా భాగం దేవాదాయ శాఖ కింద నడిచే గుళ్లలో, కొన్ని పాత సంస్థానాల వారసుల కోటల్లో, ఇంకొన్ని ఈనాటికీ పని చేస్తున్న చేతివృత్తుల వారి ఇళ్లలో ఉన్నాయి. ఇక్కడి మట్టిలో బయటపడి పరాయి ఊళ్లలోని అద్దాల బీరువాలకు చేరినవి వీటికి అదనం. ఏది ఎవరి చేతిలో ఉంది, అక్కడికి ఎలా వెళ్లింది అన్నది తెలిస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను చూడటం ఎంతో తేలికవుతుంది. తెలియకపోతే శాలిహుండం కొండ మీద కూడా మెట్లు, ఇటుకలు తప్ప మరేమీ కనబడవు.

ఇక్కడివి అక్కడికి ఎందుకు వెళ్లాయి

మద్రాసు మ్యూజియం 1851లో మొదలైంది. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలోను, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోను ఉండేవి. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1878లో గుప్తనిధుల చట్టం వచ్చింది. భూమిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు తెలియజేయాలని ఆ చట్టం చెప్పింది. పొలం దున్నుతుంటే నాగలికి తగిలిన రాగిరేకులైనా, నుయ్యి తవ్వుతుంటే బయటపడిన విగ్రహమైనా మొదట కచేరీకి వెళ్లేది. అక్కడి నుంచి దారి మామూలుగా మద్రాసుకే.

తర్వాత సరిహద్దులు మారాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రాంతంగా ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలింది. శ్రీకాకుళం, టెక్కలి వైపు ప్రాంతం మద్రాసులోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్లింది. మహేంద్రగిరి నుంచి వంశధార ముఖద్వారం దాకా గంగరాజులు ఒకే కళింగంగా ఏలిన నేల మీద కొత్త గీత పడింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956 నుంచి రాజధాని హైదరాబాద్ అయింది. 1979లో విజయనగరం జిల్లా విడిగా ఏర్పడింది. రాజధాని మారినప్పుడల్లా వస్తువులు చేరే ఊరూ మారింది. అందుకే ఒకే రాజవంశం వేయించిన రాగి శాసనాలు ఈరోజు కొన్ని చెన్నైలో, కొన్ని భువనేశ్వర్‌లో కనిపిస్తాయి.

దీన్ని దోపిడీ అని కొందరు తిట్టుకుంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. మద్రాసుకు వెళ్లిన రేకులు మిగిలాయి, చదివినవాళ్లు చదివారు, అచ్చు వేశారు. కంసాలి కొలిమిలో కరిగిపోయిన రేకు మీది అక్షరాలను ఎవరూ తిరిగి తేలేరు. కానీ ఒక నష్టం నిజంగానే జరిగింది. వస్తువుకూ, అది దొరికిన చోటుకూ మధ్య ఉన్న బంధం తెగింది.

ఆ నష్టం ఏపాటిదో తెలియాలంటే గంగరాజుల రాగి శాసనం ఒకదాన్ని దగ్గరగా చూడాలి. సాధారణంగా మూడు రేకులు ఉంటాయి. మధ్య రేకుకు రెండు వైపులా రాత ఉంటుంది. పై రేకుకు, కింది రేకుకు లోపలి వైపు రాస్తారు, అక్షరాలు అరిగిపోకుండా. ఒక పక్కన కన్నం చేసి మూడింటినీ ఒక రాగి కడియానికి గుచ్చుతారు. కడియం అతుకు మీద రాజముద్ర ఉంటుంది. గంగరాజుల ముద్ర మీద నంది కనిపిస్తుంది. రాత మొదట్లోనే శాసనం ఎక్కడి నుంచి వెలువడిందో చెబుతారు. చాలా వాటిలో అది గంగరాజుల రాజధాని కళింగనగరం. వెంటనే మహేంద్ర పర్వతం మీది గోకర్ణస్వామి పాదాలకు నమస్కారం. ఆ తర్వాత ఏ ఊరు, ఎవరికి, ఏ సరిహద్దులతో ఇచ్చారో వివరాలు: ఫలానా పుట్ట, ఫలానా చెరువు గట్టు, ఫలానా చెట్టు. చివర తేదీ. గంగరాజులకు సొంత శకం ఉంది. అది క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైందని చరిత్రకారుల లెక్క.

ఇప్పుడు ఆలోచించండి. అదొక భూమి పత్రం. సరిహద్దు చెరువు ఇప్పటికీ ఆ ఊరి పక్కన ఉండవచ్చు. పత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో అద్దం వెనక ఉంది, చెరువు ఇక్కడుంది. టెక్కలి దగ్గరి జిర్జింగిలో దొరికిన ఇంద్రవర్మ రేకులు గంగశకం 39వ ఏటివి. అవి దంతపురం నుంచి జారీ అయ్యాయి. ఆమదాలవలస దగ్గర సరుబుజ్జిలి మండలంలో దంతవక్త్రుని కోట అని జనం పిలిచే మట్టికోట కట్టల మీద నిలబడి ఆ రేకుల సంగతి గుర్తు చేసుకుంటే ఆ మట్టిదిబ్బ మరోలా కనిపిస్తుంది. బుద్ధుడి దంతధాతువు కళింగ దంతపురంలో ఉండేదని, రాకుమారి హేమమాల దాన్ని జుట్టులో దాచుకుని సింహళానికి చేర్చిందని శ్రీలంక గ్రంథాలు చెబుతాయి. ఆ దంతపురం ఇదేనా, ఒడిశాలోనిదా అన్న వాదం పండితుల మధ్య నడుస్తూనే ఉంది. వాదం తేలకపోయినా కోట చూడటానికి అడ్డేమీ లేదు.

శాలిహుండం

శ్రీకాకుళం నుంచి సుమారు 18 కిలోమీటర్లు, గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున. ఈ రెండు జిల్లాల్లో ఒక్కచోటికే వెళ్లే సమయం ఉంటే ఇక్కడికే వెళ్లమంటాను. దొరికిన చోటూ, దొరికిన వస్తువులూ పక్కపక్కనే ఉన్న చోటు ఇది.

ఈ కొండ మీద బౌద్ధ అవశేషాలున్నాయని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన గిడుగు, ఈ గిడుగు ఒక్కరే. తర్వాతి దశాబ్దాల్లో లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్, ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు జరిపారు. స్తూపాలు, చైత్యగృహాలు, స్తూపాకారపు స్ఫటిక కరండాలు (ధాతువులు దాచే భరిణెలు), వాటిలో బంగారు పూలు, బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండపెంకులు, శిల్పాలు బయటపడ్డాయి. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం వరకు ఇక్కడ బౌద్ధం నిలిచిందని పురావస్తు శాఖవారి అంచనా.

ముందు కొండ ఎక్కండి, కింద ఉన్న చిన్న ప్రదర్శనశాల తర్వాత చూడండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎండ ముదరకముందే కొండెక్కితే శరీరానికీ మేలు. పైన మహాస్తూపం అడుగు భాగాన్ని పరిశీలనగా చూస్తే అది చక్రంలా ఉంటుంది. నడిమి నుంచి బండి చక్రపు ఆకుల్లా ఇటుక గోడలు బయటి వలయం దాకా సాగుతాయి. ఆ గోడల మధ్య ఖాళీల్లో మట్టి నింపి పైన గుమ్మటం కట్టేవారు. ఇది ధర్మచక్రానికి గుర్తు అని అందరూ చెబుతారు. కట్టడం కోణంలోనూ ఇది తెలివైన పని: ఊరికే మట్టి పోసి చుట్టూ ఇటుక పేరిస్తే వానలకు మట్టి ఉబ్బి గోడను బయటికి తోసేస్తుంది. ఆకు గోడలు ఆ మట్టిని చిన్న చిన్న గదులుగా విడదీసి పట్టి ఉంచుతాయి. నాగార్జునకొండలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

పై నుంచి చుట్టూ చూడండి. వంశధార సముద్రం వైపు సాగిపోతుంది. ముఖద్వారం దగ్గర కళింగపట్నం రేవు. భిక్షువులు ఏకాంతం కోసం కొండ ఎక్కారన్నది సగం సంగతే. రేవుకు దగ్గరగా, అలల దెబ్బకు దూరంగా, వచ్చిపోయే వర్తకుల దానాలు అందేంత చేరువలో ఉన్న కొండను వెతికి ఎంచుకున్నారు. భీమిలి వైపు పావురాలకొండ, తొట్లకొండ, బావికొండ కూడా ఇలాగే సముద్రాన్ని చూస్తూ ఉంటాయి. నాలుగింటినీ చూసినవాళ్లకు ఇది కాకతాళీయం అనిపించదు.

దిగి వచ్చాక ఏ మ్యూజియంలోనైనా సరే కుండపెంకుల దగ్గర ఆగండి. శిల్పాల ముందు అందరూ ఆగుతారు, పెంకులను ఎవరూ చూడరు. ఈ తీరం చరిత్రకు గట్టి సాక్ష్యం మాత్రం వాటిదే. శాలిహుండంలో దొరికిన పెంకుల్లో ఒక రకం ఉంది: సన్నని బూడిద రంగు మట్టి, నునుపైన పైపూత, లోపలికి వంగిన అంచు ఉన్న వెడల్పాటి పళ్లెం. దాని లోపలి అడుగున గుండ్రటి వరుసల్లో గోటితో నొక్కినంత చిన్న నొక్కులు వందల కొద్దీ ఉంటాయి. కుమ్మరి సారె తిరుగుతుండగా పలచని రేకు లాంటి పనిముట్టును తాకిస్తే అది అదురుతూ వేసిన గుర్తులవి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఈ పళ్లాలను గుర్తించి రోము వర్తకంతో ముడిపెట్టారు. తర్వాత బెంగాల్ నుంచి తమిళనాడు దాకా, శ్రీలంకలో, ఇండోనేషియాలో కూడా ఇవి బయటపడ్డాయి. తయారైంది మన దేశంలోనే అని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. ఇక్కడి నుంచి బౌద్ధం సముద్రాలు దాటిందని ప్రచార పత్రాలు రాస్తాయి. ఆ మాటకు మనం చేత్తో చూపించగల ఆధారం ఈ పెంకుల్లో ఉంది. ఓడలు నడిచిన దారి వెంట ఇవి పరుచుకుని ఉన్నాయి.

శిల్పాల్లో తార, మారీచి ముఖ్యమైనవి. ఈ ఇద్దరు దేవతల ఉనికే చివరి శతాబ్దాల్లో ఇక్కడ వజ్రయానం, అంటే తాంత్రిక బౌద్ధం, నడిచిందని చెబుతుంది. మారీచి ఉషఃకాలపు దేవత. ఆమె శిల్పాల్లో సాధారణంగా ఒక ముఖం వరాహ ముఖంగా ఉంటుంది, పీఠం మీద రథాన్ని ఏడు వరాహాలు లాగుతుంటాయి. ఇప్పుడు ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో అరసవల్లి గర్భగుడిని తలుచుకోండి. అక్కడ సూర్యనారాయణస్వామి రెండు చేతుల్లో పద్మాలతో నిలబడి ఉంటారు. కింద అనూరుడు తోలే ఏడు గుర్రాల రథం. ఉదయించే వెలుగును ఒకరు ఏడు వరాహాల మీద, ఒకరు ఏడు గుర్రాల మీద ఊహించారు. ఒక విగ్రహం ముందు ఇప్పుడు దీపం లేదు, రెండోదాని ముందు ఆదివారం వస్తే నిలబడటానికి చోటుండదు. రెండింటినీ ఒకే రోజు చూసినవారికి ఈ ప్రాంతంలో మతాలు పక్కపక్కన బతికిన తీరు ఏ పుస్తకం చెప్పినదానికన్నా బాగా తెలుస్తుంది.

పూజ జరుగుతున్న చోట చూడటం

మ్యూజియంలో వస్తువు మన కోసం ఉంటుంది. గుడిలో అది దేవుడి కోసం ఉంటుంది. ఈ తేడా మరిచిపోతే గుడిని చూసే పద్ధతి రాదు. సాలార్‌జంగ్‌లో విగ్రహం చుట్టూ తిరిగి వెనక భాగం చూడొచ్చు. అరసవల్లిలో మూలవిరాట్టును అలంకారం లేకుండా చూసే అవకాశం భక్తులకు అరుదు. ఫొటో కుదరదు, దగ్గరికి వెళ్లడం కుదరదు, కుదరకూడదు కూడా. గర్భగుడిలో దర్శనం చేసుకోండి. పరిశీలనంతా బయటి గోడలు, మండపాలు, స్తంభాల మీద చేయండి. అక్కడ తొందర పెట్టేవారు ఉండరు.

శ్రీకూర్మంలో స్తంభాలే గ్రంథాలయం. శ్రీకాకుళానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని ఈ గుడిలో విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకుంటాడు. తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు ఉండటం ఇక్కడి విశేషం. మండపాల్లో స్తంభం తర్వాత స్తంభం శాసనాలతో నిండి ఉంటుంది. వాటిలో 1281 నాటి ఒక శాసనం నరహరితీర్థులది. మధ్వాచార్యుల శిష్యుడైన ఈ సన్యాసి కళింగంలో రాజ్యభారం మోశాడని చరిత్ర చెప్పే ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. ప్రదక్షిణ మండపం గోడల మీద రంగు బొమ్మలున్నాయి. ఈ జిల్లాలో చిత్రశాల ఏదని అడిగితే మొదట చూపించవలసింది ఆ గోడలనే. ఎత్తు మీద ఉన్నవాటిని చూడటానికి చిన్న దుర్భిణి తీసుకెళ్తే ఉపయోగపడుతుంది, ఫ్లాష్ మాత్రం వేయకూడదు.

ముఖలింగం వంశధార ఎడమ ఒడ్డున, జలుమూరు మండలంలో ఉంది. శాసనాల ఆధారంగా కళింగనగరం ఇదేనని వాదించి నిలబెట్టింది కూడా గిడుగువారే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు, మధుకేశ్వరాలయంలో నిత్యపూజలూ సాగుతుంటాయి. రాయి ఒకరి బాధ్యత, పూజ మరొకరి బాధ్యత. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు, శిఖరంతో కూడిన గర్భగుడి (విమానం) ఒక్కటే నిలబడి ఉంటుంది. అందువల్ల గోడల మీది శిల్పాలన్నిటి మీదా వెలుగు పడుతుంది. మూడింట్లోకి నాకు ఎక్కువ నచ్చేది అదే.

ముఖలింగం శాసనాల్లో పెద్ద భాగం అఖండదీపాలకు ఇచ్చిన దానాలు. ఫలానా శకసంవత్సరంలో ఫలానావారు దీపానికి ఇన్ని మాడలు (బంగారు నాణేలు) ఇచ్చారు, ఇది ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం నడవాలి అని ఉంటుంది. రాజుల పేర్లే కాదు, ఉద్యోగుల పేర్లు, వారి ఇళ్ల ఆడవాళ్ల పేర్లు, వర్తకుల పేర్లు వాటిలో ఉన్నాయి. రాయి మీది పాత తెలుగు చదవడం రాకపోయినా అక్షరాలు కనిపించేలా చేసుకునే పద్ధతి ఒకటుంది. మధ్యాహ్నం ఎండలో రాత కనబడదు. ఉదయమో సాయంత్రమో ఏటవాలు వెలుగులో, లేదా చిన్న టార్చిని రాతికి పక్కగా ఆనించి పట్టుకుంటే గంటు లోపల నీడ పడి అక్షరం లేచి వస్తుంది. సుద్ద, పిండి, నూనె రాయకూడదు. రాతికి అవి చేసే హాని పోదు.

శాసన శాఖవారు నకలు తీసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. రాతిని కడిగి, తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, గట్టి బ్రష్షుతో కొడతారు. కాగితం అక్షరాల గంట్లలోకి దిగుతుంది. కాస్త ఆరాక మసి సిరా అద్దిన గుడ్డ ముద్దతో మెల్లగా అద్దుతారు. ఎత్తుగా ఉన్న రాయి నల్లగా, లోతుగా ఉన్న అక్షరం తెల్లగా వస్తుంది. దేశం నలుమూలల నుంచి ఇలా తీసిన నకళ్లు కేంద్ర పురావస్తు శాఖ మైసూరు కార్యాలయంలో ఉన్నాయి. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసన సంపుటాల్లో ఐదోదానిలో 1925లో అచ్చయ్యాయి. అంటే రాయి ఇక్కడ, నకలు మైసూరులో, పాఠం పుస్తకంలో. మూడింటినీ ఒకచోట పెట్టి, స్తంభం పక్కనే నేటి తెలుగులో నాలుగు వాక్యాలు రాసిన పలక నిలబెడితే శ్రీకూర్మం ఒక్కటే ఒక పెద్ద మ్యూజియం అవుతుంది. కొత్త భవనం అక్కర్లేదు, పలకలు చాలు. ఈ పని జరగాలని గట్టిగా కోరుకుంటాను.

ఇంకొక సంగతి. గిడుగు, గురజాడ విజయనగరంలో సహాధ్యాయులు. గిడుగు శాసనలిపి నేర్చుకుని చదివారు, గురజాడ విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేశారు. వాడుక భాష కోసం నిలబడిన ఇద్దరూ రాతి మీది తెలుగు చదివినవాళ్లు కావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. ఊళ్ల పేర్లు, పంట కొలతలు, మనుషుల పేర్లు ఉన్న తెలుగును వాళ్లు రోజూ చూశారు. విజయనగరంలో గురజాడ నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. శాసనాలు చూసి వచ్చాక ఆ ఇంటికి వెళితే ఆయన మరో కోణంలో అర్థమవుతారు.

చిత్రకారుడి గోడ ఏది?

శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుల్లో తెలుగువాళ్లు అత్యధికంగా చూసిన చేయి వడ్డాది పాపయ్యది. 1921లో పుట్టారు, 1992లో పోయారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు, తొలి గురువు ఆయనే. వపా అన్న రెండక్షరాల సంతకంతో దశాబ్దాల పాటు 'చందమామ', 'యువ' పత్రికలకు వేసిన బొమ్మలు ఇళ్లిళ్లకూ చేరాయి. పేరున్న చిత్రశాలలో వేలాడే పటాన్ని చూసినవారి కన్నా ఎన్నో రెట్ల మంది ఆ బొమ్మలను పడుకుని, బోర్లా తిరిగి, వేలితో తడుముతూ చూశారు. పాత 'చందమామ' అట్ట దొరికితే ఒకసారి తీరిగ్గా చూడండి. బొమ్మలో నల్ల గీత కోసం వెతకండి. చాలాచోట్ల రంగు పక్కన రంగు వచ్చి ఆగడమే అంచు అవుతుంది. నగల మీద మెరుపు, పలచని చీర వెనక ఒంటి రంగు, అస్తమించే ఆకాశపు గులాబి, ఇవన్నీ అచ్చులో కొంత పోగొట్టుకున్నా ఇంతగా నిలిచాయంటే అసలు పటాలు ఎలా ఉండేవో.

బొబ్బిలిలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదివి, విజయనగరంలో చిత్రకళ నేర్పారు. సముద్ర తీరంలో, పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లను గట్టి గీతతో నిలబెట్టిన చిత్రకారుడు. సంగీతానికి విజయనగరంలో 1919 నాటి కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వేంకటస్వామినాయుడు ఏలిన చోటు అది. రంగుకు, గీతకు అలాంటి నిలకడైన చోటు ఇంకా రావాలి. ఈ ఇద్దరి పేర్లతో రెండు గదుల చిత్రశాల పెట్టినా ఉత్తరాంధ్ర పిల్లలకు తమ ఊరి చిత్రకారుడి అసలు పటం కళ్లారా చూసే వీలు కలుగుతుంది.

కోటల విషయం క్లుప్తంగా చెప్తాను. 1713 నాటి విజయనగరం కోటలో ఇప్పుడు విద్యాసంస్థలు నడుస్తున్నాయి. 1958లో పి.వి.జి. రాజు ఏర్పాటు చేసిన మాన్సాస్ ట్రస్టు చేతిలో ఉంది. కనుక బురుజులు, ద్వారాలు, గోడలు చూడాలి, లోపలి గదుల్లో ప్రదర్శన ఆశించకూడదు. బొబ్బిలిలో రాజవంశం వారు తమ కోటలో ఆయుధాలు, వస్తువులు భద్రం చేసుకున్నారు. 1757 జనవరి 24 నాటి యుద్ధంలో ఒకవైపు బొబ్బిలి, మరోవైపు విజయనగరం రాజు, ఆయన వెంట ఫ్రెంచి సేనాని బుస్సీ. ఒక వంశం దాచుకున్న వస్తువులు ఆ వంశం జ్ఞాపకాన్నే చెబుతాయి, అది సహజం. అందుకే రెండు ఊళ్లూ చూడాలి.

చేతిలో ఉన్న మ్యూజియం

పొందూరు ఖాదీని మ్యూజియం జాబితాలో కలపడం కొందరికి వింతగా ఉండవచ్చు. కానీ వాలుగ చేప దవడ ఎముక వస్త్ర తయారీలో పనిముట్టుగా నడుస్తున్న చోటు ఇది. గింజ చుట్టూ ఉన్న పత్తి పోగులను ఆ దవడలోని సన్నని పళ్లతో దువ్వుతారు. ఇనుప దువ్వెన పోగును తెంపుతుంది, దవడ పళ్లు తెంపవు. పోగు పొడవు నిలుస్తుంది కనుకే నూరు కౌంటు అనే బాగా సన్నని దారం చేతితో వడకగలుగుతున్నారు. ఈ దవడను అద్దాల పెట్టెలో పెడితే ఎండిన ఎముక. పొందూరులో దువ్వే చేతిలో చూస్తే అర్థమవుతుంది. ఆ పని చేసే స్త్రీలలో ఎక్కువమంది వయసు మళ్లినవారే. చూడటానికి వెళ్లేవారు ఒక చీరో పంచో కొనుక్కుని రావాలని నా విన్నపం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసేవారి దగ్గరికి, సారవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పోత పోసేవారి దగ్గరికి వెళ్లినా ఇదే మాట.

వెళ్లే ముందు

మొదటి రోజు పొద్దున్నే శాలిహుండం, అక్కడి నుంచి కళింగపట్నం, తిరుగు దారిలో శ్రీకూర్మం, సాయంత్రం అరసవల్లి. రెండో రోజు ముఖలింగం, వీలైతే దంతపురం, పొందూరు. విజయనగరానికి మరో రోజు: గురజాడ ఇల్లు, కోట, అక్కడికి చేరువలో నెల్లిమర్ల మండలం రామతీర్థం. రామతీర్థంలో రాముడి గుడి చూసి అందరూ వెనుదిరుగుతారు. పక్కనే గురుభక్తులకొండ మీద బౌద్ధ ఆరామం ఉంది, దుర్గకొండ మీద జైన శిల్పాలు, తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఉన్నాయి. ఎక్కే ఓపిక ఉండాలి. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించండి. అరసవల్లికి ఆదివారాలు, రథసప్తమి తప్పించండి. అసలు చిత్రాన్నో శిల్పాన్నో చూస్తున్నప్పుడు పక్కన పలక మీద దొరికిన ఊరి పేరు ఉందో లేదో గమనించండి, లేకపోతే అక్కడి సందర్శకుల పుస్తకంలో అడగండి. అలా అడిగిన మాటలు పై అధికారులకు వెళ్తాయి.

చివరగా, ఈ జిల్లాల రైతులకు, ఇల్లు కట్టుకునేవారికి ఒక మాట. 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. తవ్వకంలో పాత నాణేలు, రాగిరేకులు, విగ్రహం దొరికితే కలెక్టరుకు తెలపాలి, తహసీల్దారు కార్యాలయం ద్వారా తెలపవచ్చు. తెలిపినంత మాత్రాన దొరికినవారి హక్కు పోదు. ప్రభుత్వం ఆ వస్తువును తీసుకోదలిస్తే దాని లోహం విలువకు మరో అయిదో వంతు కలిపి చెల్లించాలని ఆ చట్టంలోనే ఉంది. దాచిపెడితే శిక్ష ఉంది. మట్టి వదిలించడానికి చింతపండుతో తోమవద్దు, రేకులు విడదీయడానికి కడియం కోయవద్దు. కడియం తెగని రేకులకు సాక్ష్యబలం ఎక్కువ. సర్వే నంబరు, తేదీ, ఎన్ని అడుగుల లోతులో దొరికిందో అదే రోజు కాగితం మీద రాయండి. వస్తువుతో పాటు అది ఉన్న గొయ్యి, పక్కన ఒక అడుగుబద్ద కనిపించేలా ఫోనుతో ఫొటో తీయండి. రేపు ఆ వస్తువు ఏ నగరానికి వెళ్లినా, దాని కింది పలక మీద మీ ఊరి పేరు రాయడానికి వాళ్ల దగ్గర ఆధారం ఉంటుంది.